లెక్కల చట్టాలు: కోచ్‌లా, ట్యూటరింగ్ గంటలా, ఆటోమేటిక్ అడ్వాన్స్‌డ్ క్లాసా – ఏది మేలు?

పిల్లలు అమెరికా పబ్లిక్ స్కూళ్లలో చదువుతున్న తెలుగువాళ్లు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఏ రాష్ట్రం చూసినా ఏదో ఒక లెక్కల బిల్లు నడుస్తోంది. అలబామా 2022లో న్యూమరసీ యాక్ట్ తెచ్చింది. కెంటకీ 2024లో, ఇండియానా, అయోవా 2025లో తమ తమ చట్టాలు చేసుకున్నాయి. టెక్సస్ 2021లోనే ట్యూటరింగ్‌ను చట్టంలో పెట్టి, 2023లో దాన్ని సడలించింది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని పై స్థాయి క్లాసులో వేసి తీరాలని నార్త్ కరోలినా 2018లోనే అంది. కాబట్టి అడిగేవాళ్ల మనసులో ఉన్నది అలబామా దారి (లెక్కలు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పే కోచ్‌లు), టెక్సస్ దారి (ట్యూటరింగ్ గంటలు), నార్త్ కరోలినా దారి (ఆటోమేటిక్ అడ్వాన్స్‌డ్ క్లాసు). మిగతావన్నీ వీటి కలగలుపే.

ఈ హడావిడికి కారణం నేప్ (NAEP), అంటే అన్ని రాష్ట్రాల పిల్లల్లో కొందరికి పెట్టి రాష్ట్రాలను పోల్చే జాతీయ పరీక్ష. 4వ తరగతి లెక్కల జాతీయ సగటు 2019లో 241, 2022లో 236. 2024లో రెండు పాయింట్లు తిరిగొచ్చాయి. 8వ తరగతిలో 282 నుంచి 274కి పడింది, 2024లో అక్కడే ఉండిపోయింది. సగటు కంటే దాని అడుగున ఉన్న సంగతి ముఖ్యం: 2024లో 8వ తరగతి పై వరస పిల్లలు కోలుకున్నారు, కింది వరస పిల్లలు ఇంకా కిందికి జారారు. ఒక చట్టాన్ని తూచేటప్పుడు "ఇది ఎవరికి అందుతుంది?" అని అడగాల్సింది ఇందుకే.

నా మొగ్గు అలబామా దారికే. అయితే అందరూ చెప్పే కారణం వల్ల కాదు.

అలబామా ఫలితం ఎంతవరకు నమ్మాలి

2024 నేప్‌లో 4వ తరగతి లెక్కల్లో 2019 కంటే ఎక్కువ సగటు సాధించిన రాష్ట్రం అలబామా ఒక్కటే. 2019లో అట్టడుగున, 52వ స్థానంలో (రాష్ట్రాలతో పాటు వాషింగ్టన్ డీసీ, సైనిక స్కూళ్లను కూడా కలిపి) ఉన్నది 32కి వచ్చింది. నిజంగా మెచ్చుకోదగ్గదే. కానీ ఆ పరీక్ష జరిగింది 2024 తొలి నెలల్లో. కోచ్‌ల నియామకం దశలవారీగా సాగింది కనుక అప్పటికి అన్ని స్కూళ్లకూ కోచ్ చేరనేలేదు. కోవిడ్ సహాయం కింద వచ్చిన ఫెడరల్ డబ్బు అప్పటికి ఇంకా ఖర్చవుతూనే ఉంది. పైగా ఆమ్‌స్టీ అనే లెక్కలు-సైన్స్ శిక్షణ కార్యక్రమం ఆ రాష్ట్రంలో రెండు దశాబ్దాలుగా ఉంది. 82 స్కూళ్లలో దాని మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. ఏడాదికి దాదాపు 28 రోజుల అదనపు చదువుతో సమానమైన లాభం లెక్కల్లో కనబడిందని తేల్చింది. అంటే పునాది ముందే ఉంది. 8వ తరగతిలో అలబామా కూడా 2019 స్థాయికి చేరలేదు. "చట్టం చేశారు, ర్యాంకు పెరిగింది" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ల మాట అందుకే సగమే తీసుకోవాలి.

అయినా ఆ చట్టం ఎందుకు మేలంటానంటే, మిగతా రెండూ ముట్టుకోని చోటును అది ముట్టుకుంది: ప్రైమరీ తరగతుల్లో రోజూ జరిగే మామూలు లెక్కల పీరియడ్‌ను. కిండర్‌గార్టెన్ నుంచి 5 దాకా రోజుకు కనీసం 60 నిమిషాలు లెక్కల పాఠం ఉండాలంది. స్కూలుకో లెక్కల కోచ్, 800 మంది పిల్లలు దాటితే ఇద్దరు. చిన్న తరగతుల్లో సంఖ్యల అవగాహనకు స్క్రీనింగ్ పరీక్ష (ఎవరు వెనకబడ్డారో ముందే పట్టే పరీక్ష), 4, 5 తరగతుల్లో భిన్నాలకు ప్రత్యేకంగా మరొకటి.

భిన్నాల పరీక్షను విడిగా పెట్టడం ఆ చట్టం రాసినవాళ్ల తెలివికి గుర్తు. 5వ తరగతిలో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చో చూస్తే హైస్కూల్లో ఆల్జీబ్రా ఎంత వస్తుందో చాలావరకు చెప్పొచ్చని అమెరికా, బ్రిటన్ డేటా మీద 2012లో వచ్చిన అధ్యయనం చూపింది. ఇంటి ఆదాయం, తెలివితేటల తేడాలు లెక్కలోంచి తీసేసినా ఆ సంబంధం నిలిచింది. లెక్కల బండి ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఒక లెక్క చూడండి

1978 నేప్‌లో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన ప్రశ్న ఇది. 12/13 + 7/8 జవాబు దాదాపు ఎంత? ఇచ్చిన అంకెలు 1, 2, 19, 21. కాగితం మీద కూడాల్సిన పనే లేదు. రెండు భిన్నాలూ 1కి దగ్గరే, కాబట్టి 2. సరిగ్గా చెప్పింది 24 శాతం మంది. ఎక్కువమంది 19 గాని 21 గాని పెట్టారు. 19 ఎక్కడిది? లవాలు కూడితే వచ్చింది. 21? హారాలు కూడితే వచ్చింది.

ఈ పిల్లాడికి ఇంకో 30 గంటలు భిన్నాల కూడికలు చేయించామనుకుందాం. క.సా.గు. కనుక్కోవడం, లవాలను గుణించుకోవడం అలవాటవుతుంది. ఆ వారం క్విజ్‌లో మార్కులు వస్తాయి. రెండు నెలలు పోయాక మళ్లీ 19 పెడతాడు. అతనికి లేనిది అభ్యాసం కాదు. 12/13 అనేది ఒకే సంఖ్య అని, సంఖ్యారేఖ మీద దానికో చోటుందని అతనికి తెలియదు. అది 3వ తరగతిలో పీజా బొమ్మలు పంచి వదిలేయకుండా, సంఖ్యారేఖ మీద భిన్నాలను పెట్టించి, 5/4 లాంటివి 1 దాటి ఎక్కడ పడతాయో వాదించుకునేలా చేసిన టీచర్ వల్ల వస్తుంది.

అలా చెప్పడం అమెరికాలో ప్రైమరీ టీచర్‌కు అంత తేలిక కాదు. ఒకే మనిషి చదవడం, రాయడం, సైన్స్, సోషల్, లెక్కలు అన్నీ చెప్పాలి. మసాచుసెట్స్ ప్రైమరీ టీచర్ల లైసెన్స్ పరీక్షలో లెక్కలను వేరు చేసి, విడిగా పాస్ కావాలన్నప్పుడు, 2009లో మొదటిసారి రాసినవాళ్లలో పాసైంది 27 శాతం. టీచర్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వాళ్లకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరాక నేర్పే మనిషి పక్కన ఉండాలి. కోచ్ పని అదే.

కోచ్ ఉంటే ఏం జరగాలి, ఏం జరుగుతుంది

కోచింగ్ పద్ధతిగా సాగితే ఒక విడత 4 నుంచి 6 వారాలు. కోచ్, టీచర్ కలిసి వచ్చే వారం పాఠం రాసుకుంటారు. మొదటి రోజు కోచ్ చెబితే టీచర్ చూస్తారు, తర్వాత కలిసి చెబుతారు, ఆ తర్వాత టీచర్ చెబుతుంటే కోచ్ పిల్లల నోటుబుక్కులు చూస్తూ తిరుగుతారు. శుక్రవారం ఆ నోటుబుక్కుల్ని ముందేసుకుని ఎవరు ఎక్కడ తప్పారో చూసి, సోమవారం పాఠం మార్చుకుంటారు. ఇది జరిగే స్కూల్లో ఒక కోచ్ ఒకేసారి నలుగురు టీచర్లకు మించి చూడలేరు. 36 వారాల విద్యాసంవత్సరంలో 6 వారాల విడతలు ఆరు, విడతకు నలుగురు చొప్పున 24 మంది. క్లాసుకు 22 మంది పిల్లలనుకుంటే 500 మంది స్కూల్లో 23 మంది టీచర్లుంటారు, సరిపోతుంది. 800 మంది స్కూల్లో 36 మంది ఉంటారు, మూడో వంతు మందికి ఆ ఏడాది కోచ్ మొహమే కనబడదు. అలబామా చట్టంలో నాకు నచ్చనిది ఈ 800 గీతే. 500 దగ్గర గీసి ఉండాల్సింది.

కోచింగ్ మీద వచ్చిన 60 అధ్యయనాలను కలిపి 2018లో లెక్కగట్టారు. పాఠం చెప్పే తీరు బాగా మారుతుందని, పిల్లల మార్కుల మీద ప్రభావం దానికంటే తక్కువే అయినా గట్టిదేనని తేలింది. కార్యక్రమం పెద్దదవుతున్నకొద్దీ ఆ ప్రభావం తగ్గుతుందనీ తేలింది. వర్జీనియాలో మూడేళ్లపాటు జరిగిన ప్రయోగంలో (అక్కడ కోచ్‌లు ముందుగా యూనివర్సిటీలో లెక్కల కోర్సులు చేసి వచ్చారు) మొదటి ఏడాది మార్కుల్లో తేడా రాలేదు. కోచ్‌లకు అనుభవం వచ్చాక 3, 4, 5 తరగతుల్లో తేడా కనబడింది. చట్టసభ సభ్యుల్లో చాలామందికి రెండేళ్లకో ఎన్నిక. మొదటి ఏడాది ఫలితం చూపని పథకాన్ని రెండో బడ్జెట్‌లో కాపాడడం ఎంత కష్టమో వేరే చెప్పాలా.

కోచ్ పథకం చెడిపోయే దారులు కూడా ముందే తెలిసినవే. సబ్‌స్టిట్యూట్ టీచర్ దొరకని రోజున ప్రిన్సిపాల్ కళ్లు మొదట పడేది కోచ్ మీదే. నెలలో ఆరు రోజులు అలా పోతే విడత తెగిపోతుంది. పరీక్షల సీజన్‌లో కోచే టెస్ట్ కోఆర్డినేటర్ అవుతారు. టీచర్‌కు రేటింగ్ ఇచ్చే పని కోచ్‌కు అప్పజెబితే ఇక ఆ టీచర్ తనకు రానిది ఆ కోచ్ ముందు ఒప్పుకోరు, పథకం అక్కడితో చచ్చిపోయినట్టే. ఆ స్కూల్లో లెక్కలు బాగా చెప్పే ఒక్కగానొక్క టీచర్‌ను క్లాసులోంచి తీసి కోచ్‌ను చేస్తే, ఆ 22 మంది పిల్లలు ఆ ఏడాది నష్టపోతారు. కోచ్ ఏం చేయకూడదో బిల్లులో రాసి ఉందా లేదా అన్నది, ఏం చేయాలో రాసినదానికంటే ముఖ్యం.

టెక్సస్ గంటలు

2021లో వచ్చిన హెచ్‌బీ (హౌస్ బిల్లు) 4545 సూటిగా ఉంది: రాష్ట్ర పరీక్ష స్టార్‌లో ఏ సబ్జెక్ట్ తప్పితే ఆ సబ్జెక్ట్‌లో 30 గంటల అదనపు బోధన, ముగ్గురికి మించని గ్రూపులో. చదవడానికి బాగుంది. ఇప్పుడు టైంటేబుల్ వేసి చూడండి. రోజుకు అరగంట, వారానికి మూడుసార్లు అంటే వారానికి గంటన్నర. 30 గంటలకు 20 వారాలు. ఒక మిడిల్ స్కూల్లో లెక్కలు తప్పినవాళ్లు 90 మంది అయితే, ముగ్గురు చొప్పున 30 గ్రూపులు, వారానికి 45 గంటల ట్యూటరింగ్. టీచర్ పనివారమే 40 గంటలు, అందులో పిల్లలతో గడిపేది ఇంకా తక్కువ. ఒక్క సబ్జెక్ట్‌కే ఇద్దరు పూర్తికాల మనుషులు కావాలి. చదవడం కూడా తప్పితే రెట్టింపు. ఆ గంటలకు టైంటేబుల్‌లో చోటు దొరకడమే కష్టం.

అందుకే 2023లో హెచ్‌బీ 1416తో దిగొచ్చారు. బాగా వెనకబడినవాళ్లకు 30 గంటలు, మిగతావాళ్లకు 15. గ్రూపుకు నలుగురు. ఏడాదికి రెండు సబ్జెక్టుల వరకే. రాష్ట్రం ఆమోదించిన కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే గ్రూపు పరిమితి కూడా లేదు. ఆ చివరి సడలింపుతో చాలాచోట్ల ట్యూటరింగ్ అంటే హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్క్రీన్ ముందు కూర్చోవడమే అయ్యే ప్రమాదం ఉంది. గంటలు నిండుతాయి, రికార్డు సరిగ్గా ఉంటుంది.

ట్యూటరింగ్ పనిచేయదని కాదు. షికాగోలో 9, 10 తరగతుల పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, స్కూలు వేళలోనే, రోజూ ఒక పీరియడ్, ఒకే ట్యూటర్‌తో చెప్పించినప్పుడు లెక్కల్లో పెద్ద లాభమే వచ్చింది. అది కచ్చితమైన ప్రయోగంలో తేలిన మాట. గుర్తుంచుకోవాల్సింది ఆ షరతులే: ఇద్దరు, రోజూ, స్కూలు వేళలో, అదే మనిషి. నలుగురు, వారానికి రెండుసార్లు, స్కూలు వదిలాక, ఎవరు దొరికితే వాళ్లు అన్నది వేరే సరుకు. పేరు మాత్రం ఒకటే.

టెక్సస్ చట్టంలో పెద్దగా ఎవరూ మాట్లాడని క్లాజ్ ఒకటుంది. పరీక్ష తప్పిన పిల్లాడిని మరుసటి ఏడాది రాష్ట్రం మాస్టర్, ఎగ్జెంప్లరీ, రికగ్నైజ్డ్ అని గుర్తించిన టీచర్ క్లాసులో వేస్తే, ఈ గంటలేవీ పెట్టనక్కర్లేదు. అంటే మంచి టీచర్ దగ్గర మామూలు క్లాసు 30 గంటల ట్యూటరింగ్‌కు బదులు సరిపోతుందని చట్టమే ఒప్పుకుంది. నేను చెప్పేదీ అదే. అలాంటి టీచర్లు ఉన్న స్కూళ్లు ఏవి, లేనివి ఏవి అన్నదే చిక్కు.

ఆటోమేటిక్ అడ్వాన్స్‌డ్ క్లాసు

మన తెలుగువాళ్లకు ఎక్కువ ఆసక్తి దీని మీదే, దాపరికం ఎందుకు. నార్త్ కరోలినా చట్టం ప్రకారం, ఏడాది చివరి రాష్ట్ర లెక్కల పరీక్షలో లెవెల్ 5 (అన్నిటికంటే పై స్థాయి) వచ్చిన పిల్లల్ని తర్వాతి ఏడాది అడ్వాన్స్‌డ్ లెక్కల్లో వేయాలి. 7వ తరగతిలో లెవెల్ 5 వస్తే 8లో హైస్కూల్ స్థాయి మ్యాథ్ 1 ఇవ్వాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులే రాసివ్వాలి. టెక్సస్ 2023లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 2124తో ఇలాంటిదే చేసింది: 5వ తరగతిలో పై 40 శాతంలో ఉన్నవాళ్లు 6లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్తారు. టీచర్ సిఫార్సు, తల్లిదండ్రుల ఫోన్లు, దరఖాస్తు గడువు లాంటివేవీ అడ్డురావు. మంచి మార్కులున్నా పేదింటి పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు ఈ క్లాసుల బయటే మిగిలిపోవడం ఎన్నో జిల్లాల్లో చూసిందే. దాన్ని ఇంత చవగ్గా సరిదిద్దే పద్ధతి ఇంకోటి లేదు. డాలస్ స్కూల్ డిస్ట్రిక్ట్ రాష్ట్రచట్టం కంటే ముందే ఇది మొదలుపెట్టింది. 8వ తరగతిలో ఆల్జీబ్రా 1 తీసుకునేవాళ్లు సుమారు 20 శాతం నుంచి 60 శాతం దాకా పెరిగారు.

చిక్కులు టైంటేబుల్‌లో ఉన్నాయి. వచ్చే ఏడాది సెక్షన్లు వసంతకాలంలోనే వేసేస్తారు, రాష్ట్ర పరీక్ష ఫలితాలు ఆ తర్వాత వస్తాయి. ముందు ఏడాది మార్కులతో తాత్కాలికంగా వేసి జూన్‌లో సరిచేసుకోని స్కూళ్లలో ఆగస్టులో గందరగోళమే. రెండోది, అడ్వాన్స్‌డ్ అంటే చాలాచోట్ల 6, 7, 8 తరగతుల మూడేళ్ల పాఠాల్ని రెండేళ్లలోకి కుదించడం. ఆ కుదింపులో మొదట పలచబడేది నిష్పత్తులు, అనుపాతాలు. ఆల్జీబ్రాలో రేఖ వాలు అర్థం కావాలంటే కావాల్సింది అవే. మూడోది, పల్లె మిడిల్ స్కూళ్లలో ఆల్జీబ్రా చెప్పడానికి సర్టిఫికేట్ ఉన్న టీచరే ఉండకపోవచ్చు.

ఇవన్నీ సర్దుకోదగ్గవే. ప్రతి రాష్ట్రమూ ఈ క్లాజ్ పెట్టుకోవాలి, డబ్బు దాదాపు అక్కర్లేదు. కానీ ఇది పై వరస పిల్లల చట్టం. పైన చెప్పిన 19, 21 పిల్లాడికి దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు. దీన్నే రాష్ట్ర లెక్కల విధానం అనిపించుకుంటే మాత్రం ఒప్పుకోకండి.

మిగతావి

ఒక్క స్క్రీనింగ్ పెట్టి ఊరుకునే చట్టాలు: జ్వరం చూసి మందివ్వకుండా పంపేయడమే. తల్లిదండ్రులకు ఏడాదికి మూడు ఉత్తరాలు వస్తాయి.

లెక్కలు తప్పితే అదే తరగతిలో ఆపేయడం: టెక్సస్ 1999 చట్టంతో 5, 8 తరగతుల్లో పెట్టి, 2021లో తీసేసింది. మళ్లీ ఎవరైనా తెస్తే ఆ చరిత్ర చూపించండి.

అందరికీ 8వ తరగతిలో ఆల్జీబ్రా: మినెసోటా 2006లో చట్టం చేసింది. షార్లట్ డిస్ట్రిక్ట్‌లో సిద్ధంగా లేని పిల్లల్ని తొందరగా ఆల్జీబ్రాలోకి నెట్టినప్పుడు వాళ్లు తర్వాతి కోర్సుల్లో కూడా వెనకబడ్డారని పరిశోధన చూపింది. సిద్ధంగా ఉన్నవాళ్లను ఆటోమేటిక్‌గా వేయడం వేరు, అందరినీ వేయడం వేరు.

వేసవి క్యాంపులు: ఉంటే మంచిదే, హాజరు నిలబడితే.

మీ రాష్ట్రం బిల్లు చేతికొస్తే

పేరు, పీఠిక వదిలేసి నేరుగా డబ్బు దగ్గరికి వెళ్లండి. కోచ్ జీతం రాష్ట్ర బడ్జెట్‌లో ఏటా వచ్చే పద్దుగా ఉందా, గ్రాంట్ కింద ఉందా? గ్రాంట్ అయితే మూడో ఏడాది ఆ కోచ్ ఉండరు, అంటే ఫలితం రావాల్సిన వేళకు మనిషి పోతారు. కోవిడ్ ఫెడరల్ నిధుల గడువు 2024 సెప్టెంబర్‌లో ముగిసినప్పుడు ఎన్నో జిల్లాల్లో జరిగింది ఇదే. తర్వాత, కోచ్‌కు ఎంతమంది టీచర్లో చూడండి, 25 దాటితే అడగండి. సబ్‌స్టిట్యూట్ పని, రేటింగ్ పని చేయించకూడదని రాసి ఉందో లేదో చూడండి. రోజుకు 60 నిమిషాలు అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్ సమయం కూడా కలిపేనా అని అడగండి. వెనకబడిన పిల్లలకు ఇచ్చే అదనపు సహాయం ఆ 60 నిమిషాల్లోంచి కోయడమా, దానికి అదనమా అన్నది కూడా. కోస్తే ఆ పిల్లలు ఒకవైపు దొరికింది ఇంకోవైపు పోగొట్టుకుంటారు.

బిల్లు సంగతి అలా ఉంచి, మీరు టెక్సస్‌లో ఉండి మీ పాప 5వ తరగతి స్టార్‌లో పై 40 శాతంలో ఉంటే, ఆగస్టులో వచ్చే 6వ తరగతి షెడ్యూల్‌లో లెక్కల పక్కన అడ్వాన్స్‌డ్ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎస్‌బీ 2124 పేరు రాసి, స్కోర్ రిపోర్ట్ జతచేసి కౌన్సెలర్‌కు ఈమెయిల్ పెట్టండి. మొదటి రెండు వారాల్లో సెక్షన్ మార్చడం సులువు. ఆ తర్వాత క్లాసు నిండిపోయిందంటారు.